మరణశయ్య చెంత పాఠం చెప్పిన సిసిలీ సాండర్స్

వ్యాధి నయం కాదని తేలితే ఇక చేయవలసింది లేదన్న భావనను మార్చిన వైద్యురాలు సిసిలీ సాండర్స్. 1918లో ఇంగ్లండులో జన్మించిన ఆమె యుద్ధకాలంలో నర్సుగా శిక్షణ పొందారు. వెన్నునొప్పి వల్ల ఆ వృత్తిని వీడి ఆసుపత్రిలో సామాజిక సేవకురాలయ్యారు. 1948లో క్యాన్సర్‌తో మరణించిన పోలండ్ శరణార్థి డేవిడ్ టాస్మా ఆమెకు 500 పౌండ్లు విడిచివెళ్ళారు. మరణాసన్నుల ఆశ్రయానికి అదే తొలి విరాళం. నలభయ్యేళ్ళకు చేరువలో, 1957లో, ఆమె వైద్యపట్టా పొందారు.

1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ ప్రారంభమైంది. చికిత్స, బోధన, పరిశోధన అక్కడ ఒకే చూరు కింద సాగాయి. నొప్పి ముదిరేదాకా ఆగక వేళప్రకారం మార్ఫిన్ ఇవ్వాలని, బాధ దేహానికే కాక మనసుకూ కుటుంబానికీ చెందినదని నర్సులు అక్కడ నేర్చుకున్నారు. 1986లో ముంబయిలో వెలసిన శాంతి ఆవేదనా ఆశ్రమంతో హాస్పిస్ సేవ భారతదేశానికీ చేరింది. 2005లో సాండర్స్ తాను నెలకొల్పిన హాస్పిస్‌లోనే కన్నుమూశారు.