మట్టి నుంచి మందు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితం

చింతామణి, శిడ్లఘట్ట, చిక్కబళ్ళాపురం ప్రాంతాల రైతు కుటుంబాలకు సూక్ష్మజీవులతో పరిచయం పాఠ్యపుస్తకం ద్వారా కలిగినది కాదు. పట్టుపురుగుల ద్వారా కలిగినది. నాలుగవ జ్వరం దాటి, నేడో రేపో గూడు కట్టవలసిన పురుగులు ఉన్నట్టుండి మెత్తబడి, నల్లబడి, దుర్వాసనతో తట్టలలో రాలిపోవడం ఎరుగని ఇల్లు ఇక్కడ అరుదు. పురుగుల ఇంటిని బ్లీచింగ్ పొడితో కడగడం, పడకపై సున్నం చల్లడం మన పిల్లలు చిన్ననాటి నుంచి చూస్తూనే ఉన్నారు. కంటికి కానరాని ప్రాణి మన కష్టఫలాన్ని హరించే శత్రువు అన్నది ఈ సీమ వారు నేర్చుకున్న మొదటి పాఠం. అట్టి ప్రాణులనే కొలబద్దలుగా, వైద్యసాధనాలుగా మలచిన శాస్త్రజ్ఞులలో ఒకరు తెలుగువారు. కన్నడ రాష్ట్రంలో ఉంటూ తెలుగులో చదువుకొంటున్న మన విద్యార్థులకు ఈ వజ్రోత్సవ సంచిక ద్వారా ఆయనను పరిచయం చేయాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న గోదావరి మండలంలోని భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యం వల్ల ముందుగానే ఉద్యోగం విరమించవలసి వచ్చింది. తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు సంతానం గల ఆ ఇంటిలో లేమి ఎప్పుడూ గడప దాటి పోలేదు. పదమూడేళ్ళ ప్రాయంలో సుబ్బారావు కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలని ఇల్లు విడిచి పారిపోగా, పెద్దలు వెదకి వెనుకకు తీసుకొని వచ్చారు. చదువు కూడా సజావుగా సాగలేదు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండు పర్యాయాలు తప్పి, మూడవసారి మద్రాసు తిరువల్లిక్కేణిలోని హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు. ఆ చదువుకై తల్లి తన నగలు అమ్ముకొన్నారని చెబుతారు. పదవ తరగతి ఫలితాల నాడు తలవంచుకొని ఇంటికి పోయే పిల్లలు ప్రతి పాఠశాలలోనూ ఉంటారు కనుక ఈ విషయం ఒకింత వివరంగా వ్రాశాను.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ ముగించి మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. అవి గాంధీజీ పిలుపు దేశమంతటా మారుమ్రోగుతున్న రోజులు. సుబ్బారావు ఖద్దరు ధరించి శస్త్రచికిత్స తరగతికి వెళ్ళారు. ఆంగ్లేయుడైన ఆచార్యునకు అది రుచించలేదు. ఫలితంగా పూర్తి స్థాయి ఎం.బి.బి.ఎస్. పట్టానికి బదులు దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టం చేతికి వచ్చింది. ప్రభుత్వ వైద్యశాఖలో ప్రవేశం దొరకలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం బోధిస్తూ కాలం గడిపారు.

ఆ రోజులలోనే ఇంటిపై పిడుగు పడింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి కొద్ది రోజుల వ్యవధిలో ఒకరి వెంట ఒకరు మరణించారు. ఇద్దరినీ బలిగొన్నది స్ప్రూ అని వైద్యులు పిలిచే గ్రహణి వ్యాధి. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, నాలుక పుండ్లు పడి, నెత్తురు పలచబడి, మనిషి ఎముకల గూడై పోతాడు. ఆనాటి వైద్యుల వద్ద దీనికి మందు లేదు. కారణం కూడా తెలియదు. అంతకుముందు రామకృష్ణ మఠంలో చేరి సన్న్యసించాలనుకొన్న యువకుడు ఇప్పుడు ఉష్ణదేశ వ్యాధుల పరిశోధనకై అమెరికా పోవాలని నిశ్చయించుకొన్నారు. మామగారు కొంత సొమ్ము సమకూర్చారు. కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మనిధి మరికొంత ఇచ్చింది. 1919లో వివాహమాడిన భార్య శేషగిరి గారిని పుట్టింట విడిచి, 1922 అక్టోబరులో ఆయన బోస్టన్ నగరంలో అడుగుపెట్టారు. ఆయన వెళ్ళిన తరువాత పుట్టిన కుమారుడు శైశవంలోనే మరణించాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు. భార్యను కూడా మరల చూడలేదు. కొద్ది సంవత్సరాలలో తిరిగి వస్తానని వెళ్ళిన మనిషి మరి రానేలేదు. దీనిని త్యాగమని పొగడడం సులభం. కాని ఆ త్యాగంలో ఎక్కువ భాగం ఆ ఇల్లాలిదే అని నాకు తోస్తుంది.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణదేశ వైద్యంలో డిప్లొమా పొందుతూ, కడుపు నింపుకొనడానికి రాత్రివేళ ఆసుపత్రిలో నౌకరుగా పనిచేశారు. ఆ తరువాత జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని వద్ద చేరారు. రక్తంలోను, మూత్రంలోను గల భాస్వరాన్ని నీలిరంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని వారిద్దరూ 1925లో ప్రకటించారు. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అనే పేరుతో అది జీవరసాయన ప్రయోగశాలలలో స్థిరపడింది. ఆ కొలత చేతికి చిక్కడంతో 1927లో కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఎ.టి.పి.ని గుర్తించారు. అదే సమయంలో జర్మనీలో లోమాన్ కూడా ఎ.టి.పి.ని స్వతంత్రంగా కనుగొన్నారు. బాక్టీరియా మొదలు మానవుని వరకు సకల జీవులకు శక్తి మారకపు నాణెం వంటి పదార్థమిది. 1930లో పిహెచ్.డి. లభించింది. స్థిరమైన పదవి మాత్రం లభించలేదు. 1940లో ఆయన హార్వర్డ్ విడిచి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ గ్రామంలో గల లెడర్లీ ఔషధ సంస్థలో చేరి, అనతికాలంలోనే అక్కడి పరిశోధనలకు సారథి అయ్యారు.

ఇక ఆయన మనసు నిలిపిన పని రక్తహీనతకు మందు. 1931లో లూసీ విల్స్ అనే వైద్యురాలు బొంబాయిలో గర్భిణులకు వచ్చే తీవ్రమైన పాండురోగం ఈస్టు సారంతో నయమౌతుందని చూపారు. ఈస్టులోనూ, కాలేయంలోనూ ఏదో పదార్థమున్నది. అదేమిటో తెలియదు. కోతులపై ప్రయోగాలు చేసినవారు దానికొక పేరు, కోడిపిల్లలపై చేసినవారు మరొక పేరు పెట్టారు. 1941లో టెక్సాస్ విశ్వవిద్యాలయం వారు నాలుగు టన్నుల పాలకూరను పిండి అణుమాత్రం పదార్థం రాబట్టి, ఆకు అనే అర్థమిచ్చే లాటిన్ మాట నుంచి ఫోలిక్ ఆమ్లమని నామకరణం చేశారు.

ఇంత స్వల్ప పదార్థాన్ని కొలవడం ఎట్లా? కోతికి తినిపించి నెత్తురు పరీక్షించాలంటే వారాలు పడుతుంది. ఇక్కడ పనికి వచ్చినది లాక్టోబాసిల్లస్ కేసీ అనే బాక్టీరియా. మన ఇంట పాలను పెరుగుగా మార్చే సూక్ష్మజీవుల బంధువు. ఈ జీవికి కావలసిన చక్కెర, లవణాలు, ఇతర విటమినులు అన్నీ ఒక గాజు గొట్టంలో సమకూర్చి, ఫోలిక్ ఆమ్లం ఒక్కటి మాత్రం ఇవ్వకపోతే అది పెరగదు. ద్రవం తేటగా ఉండిపోతుంది. పరీక్షించదలచిన సారం ఒక చుక్క వేస్తే, అందులో ఆ పదార్థం ఉన్న మేరకే బాక్టీరియా వృద్ధి చెంది ద్రవం కలక బారుతుంది, పులుస్తుంది. ఎంత కలక బారినదో, ఎంత పులిసినదో చూస్తే ఎంత విటమిను ఉన్నదో తెలిసిపోతుంది. తులాల త్రాసు తూచలేనిదాన్ని పెరుగు జాతి సూక్ష్మజీవి ఒకటి రెండు రోజులలో తూచి చెప్పింది. సుబ్బారావు బృందం ఈ తూనికను వెంట ఉంచుకొని, కాలేయ సారాన్ని అంచెలంచెలుగా శుద్ధి చేస్తూ, మరొక బాక్టీరియా పులియబెట్టిన ద్రవం నుంచి కూడా ఆ పదార్థాన్ని సేకరిస్తూ, 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసింది. పాలకూర టన్నులతో పని లేకపోయింది. నేడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో గర్భిణులకు ఇచ్చే ఇనుము మాత్రలో జోడింపబడి ఉన్నది అదే. ఆ ఆవిష్కారాన్ని ప్రకటించిన పత్రంలో సుబ్బారావు పేరు సహచరుల పేర్ల నడుమ ఎక్కడో ఉంటుంది. ఆయన దానిని ముందుకు జరపలేదు.

ఆ అణువును ఒకింత మార్చి తయారుచేసిన అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తపు క్యాన్సరు సోకిన పిల్లలకు చికిత్స చేసి, తాత్కాలికంగానైనా వ్యాధి వెనుకంజ వేయడాన్ని 1948లో లోకానికి తెలిపారు. దాని సోదరి మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది. బోదకాలు క్రిములపై పనిచేసే హెట్రజాన్ 1947లో అదే ప్రయోగశాల నుంచి వచ్చింది. గోదావరి మండలంలో బోదకాలు చూస్తూ పెరిగిన వానికి అది ఎంత ఊరట కలిగించి ఉంటుందో ఊహించుకోవచ్చు.

మరొక విషయం కొంత నిదానంగా చెప్పవలసి ఉన్నది. వేసవి చివర తొలి చినుకు పడగానే మన బాగేపల్లి ఎర్రమన్ను ఒక సువాసన వెదజల్లుతుంది. ఆ వాసనకు ముఖ్య కారణం నేలలోని స్ట్రెప్టోమైసిస్ జాతి బాక్టీరియా. బూజు వలె దారాలుగా అల్లుకొనే ఈ ప్రాణులు తమ పొరుగు సూక్ష్మజీవులను అణచే పదార్థాలను స్రవిస్తాయి. 1943లో వాక్స్‌మన్ ప్రయోగశాల ఈ జాతి నుంచే స్ట్రెప్టోమైసిన్ రాబట్టింది. సుబ్బారావు తన సంస్థలో ఇదే అన్వేషణకు పూనుకొని, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర ఆచార్యులుగా పదవీ విరమణ చేసిన బెంజమిన్ డగ్గర్‌కు ఆ పని అప్పగించారు. అప్పటికి డగ్గర్ వయస్సు డెబ్బదికి పైమాటే! ఆయన పలు ప్రాంతాలలోని మిత్రులకు లేఖలు వ్రాసి మట్టి తెప్పించుకొన్నారు. మిస్సోరీ విశ్వవిద్యాలయానికి చెందిన సాన్‌బార్న్ క్షేత్రంలో, 1888 నుంచి ఎరువు ఎరుగక గడ్డి మాత్రమే పెరుగుతున్న ఒక చెక్క నుంచి 1945లో వచ్చిన మట్టిలో బంగారు వన్నె గల బాక్టీరియా కనబడింది. దాని స్రావం ఆరియోమైసిన్. పెన్సిలిన్‌కు లొంగని అనేక వ్యాధికారకాలు, టైఫస్ వంటి జ్వరాలు కలిగించే రికెట్సియాలు సహా, దీనికి లొంగాయి. టెట్రాసైక్లిన్ కుటుంబంలో ఇది తొలి మందు. మన పుస్తకాలు కొన్ని దీనిని సుబ్బారావు కనుగొన్నారని వ్రాస్తాయి. అది సరి కాదు. మట్టిలో దానిని కనుగొన్నది డగ్గర్; ఆ వృద్ధునికి పని కల్పించి, మట్టి గాలింపును మందు సీసా వరకు నడిపించినది సుబ్బారావు. లేని గొప్పను అంటగట్టవలసిన అవసరం ఆయనకు లేదు.

1948 జులైలో ఆరియోమైసిన్ వివరాలు న్యూయార్క్‌లో శాస్త్రజ్ఞుల సభ ముందుకు వచ్చాయి. మరుసటి నెలలోనే, ఒక రాత్రి నిద్రలో గుండె ఆగి సుబ్బారావు మరణించారు. వయస్సు యాభై మూడు. 1953లో ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. 1995లో శతజయంతికి భారత తపాలా శాఖ బిళ్ళ విడుదల చేసింది.

ఆయన పోయిన తరువాతి కథ కూడా చెప్పకపోతే చరిత్ర సగమే అవుతుంది. లెడర్లీలోనే ఆయన సహచరుడైన స్టాక్‌స్టాడ్, జ్యూక్స్ అనే మరొక శాస్త్రజ్ఞుడు కలసి, ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పిని బి 12 విటమిను కోసం కోడిపిల్లలకు పెట్టి చూశారు. అవి అనుకొన్న దానికన్నా వేగంగా పెరిగాయి. కారణం విటమిను మాత్రమే కాదు, పిప్పిలో మిగిలిన మందు అని 1950లో తేలింది. అంతే, రోగం లేని కోళ్ళకు, పందులకు, దూడలకు దాణాలో యాంటీబయోటిక్ కలపడం లోకమంతటా వ్యాపించింది. కొద్దికొద్దిగా మందు రుచి చూచిన బాక్టీరియా దానిని తట్టుకొనడం నేర్చుకొని, ఆ నేర్పును పొరుగు బాక్టీరియాకు కూడా అందిస్తుంది. ఐరోపా సమాజం 2006లో ఈ పద్ధతిని నిషేధించింది. అమెరికా 2017లో కట్టడి చేసింది. మన దేశం 2019లో కోలిస్టిన్ అనే మరొక యాంటీబయోటిక్‌ను పశుపక్ష్యాదులకు వాడరాదని ఆజ్ఞాపించింది. కోళ్ళు, ఆవులు ఆధారంగా బ్రదుకుతున్న మన తాలూకాల ఇండ్లకు ఇది దూరపు వార్త కాదు.

చివరకు ఆ గ్రహణి సంగతి. అన్నదమ్ములిద్దరినీ తీసుకొనిపోయిన ఆ వ్యాధిలో చిన్నప్రేగులో చేరరాని బాక్టీరియా చేరి పెరుగుతుందని, అందుచేత ఆహారం ఒంటబట్టక ఫోలిక్ ఆమ్లం కొరవడి నెత్తురు పలచబడుతుందని తరువాతి పరిశోధకులు గ్రహించారు. నేడు అట్టి రోగి వస్తే వైద్యుడు వ్రాసే మందుచీటీలో రెండు పేర్లు ఉంటాయి. ఒకటి ఫోలిక్ ఆమ్లం. రెండవది, కొన్ని నెలలపాటు, టెట్రాసైక్లిన్.