ఆన్సెల్ ఆడమ్స్ – పన్నెండు గాజు పలకలు

కాలిఫోర్నియాలో ఉండే తెలుగువాళ్ళలో యోసమిటీ చూడనివారు అరుదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే చాలు, పులిహోర డబ్బాలు సర్దుకుని వ్యాన్‌లో అటే బయల్దేరతాం. హాఫ్ డోమ్ ముందు నిలబడి ఫొటో తీసుకోనిదే ఆ యాత్ర పూర్తి కాదు. ఆ కొండకి నలుపు తెలుపుల్లో శాశ్వత కీర్తి తెచ్చిన ఆన్సెల్ ఆడమ్స్ తొలినాళ్ళలో ఎలాంటి కెమెరాలు ఎంచుకున్నారో చెప్పాలని ఈ చిన్న ప్రయత్నం. నేను వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ ఇంజినీరుని. ఫొటోగ్రఫీ వారాంతపు సరదా. ఏ కెమెరా కొనమంటావని మిత్రులు అడిగినప్పుడల్లా నాకు ఈయన కథే గుర్తొస్తుంది.

ఆడమ్స్ 1902 ఫిబ్రవరి 20న శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టారు. 1906 భూకంపం తర్వాత వచ్చిన ప్రకంపనలో కిందపడి ముక్కు విరిగింది. అది జీవితాంతం వంకరగానే ఉండిపోయింది. బడిలో కుదురుగా కూర్చునే రకం కాదు. తండ్రి చార్లెస్ వ్యాపారం దెబ్బతిని ఇబ్బందుల్లో ఉన్నా, 1915లో ఊళ్ళో జరిగిన పనామా-పసిఫిక్ ప్రదర్శనకి ఏడాది పాసు కొనిచ్చి, ఆ ఏటికి అదే చదువు అనుకోమన్నారు. పిల్లవాడు పియానో మీద పడ్డాడు. కచేరీలు చేసే విద్వాంసుడు కావాలన్నది ఆయన తొలి కల.

1916 వేసవిలో కుటుంబమంతా యోసమిటీ వెళ్ళారు. అక్కడే తల్లిదండ్రులు కొడుకు చేతిలో ఒక కోడాక్ బాక్స్ బ్రౌనీ పెట్టారు. ఫోకస్ సరిచేసే వీలు కూడా లేని సాదా డబ్బా కెమెరా అది. హాఫ్ డోమ్‌ని ఫొటో తీద్దామని పుచ్చిపోయిన చెట్టు మోడు ఎక్కితే అది కాస్తా కూలింది. తలకిందులుగా పడుతూనే మీట నొక్కారట! ఆ మరుసటి ఏడాదే ఊళ్ళో ఫిల్మ్ కడిగే దుకాణంలో పనికి కుదిరి, డార్క్‌రూమ్ మెళకువలు పట్టుకున్నారు.

1920 నుంచి నాలుగు వేసవులు యోసమిటీలోని సియెరా క్లబ్ వారి లెకాంట్ భవనానికి సంరక్షకుడిగా ఉన్నారు. పియానో సాధన మానకూడదని, లోయలో స్టూడియో నడిపే బెస్ట్ గారింటికి వెళ్ళేవారు. వారమ్మాయి వర్జీనియాయే తర్వాత ఆయన భార్య అయ్యారు.

ఈలోగా కెమెరా మారింది. చిన్న రోల్ ఫిల్మ్ కెమెరా జేబులో పట్టేస్తుంది కానీ, బొమ్మ పెద్దది చేస్తే రాతిమీది గీతలు చెదిరిపోతాయి. పెద్ద గాజు పలక మీద ప్రతి గీతా నిలుస్తుంది. దానికి మూల్యం బరువు, మోసుకెళ్ళగలిగినన్ని పలకలే. ఆడమ్స్ బరువునే ఎంచుకున్నారు.

1927 ఏప్రిల్‌లో వర్జీనియా, మిత్రులతో కలిసి హాఫ్ డోమ్ పక్కనున్న డైవింగ్ బోర్డ్ అనే చోటికి ఎక్కారు. మూటలో ఆరున్నర బై ఎనిమిదిన్నర అంగుళాల కొరోనా వ్యూ కెమెరా, లెన్సులు, ఫిల్టర్లు, పన్నెండు గాజు పలకలు, దానికి తోడు చెక్క ట్రైపాడ్. పైకి చేరేసరికి మిగిలినవి రెండే పలకలు. మొదటిదానికి అలవాటు ప్రకారం పసుపు ఫిల్టర్ పెట్టారు. మీట నొక్కాక అనుమానం వచ్చింది. పసుపు ఫిల్టర్‌తో ఆకాశం మామూలుగా వస్తుంది కానీ, ఆ శిల చూసి తన గుండెలో కలిగిన గాంభీర్యం రాదు. చివరి పలకకి ముదురు ఎరుపు ఫిల్టర్ పెట్టారు. ఎరుపు గాజు నీలి వెలుతురుని ఆపేస్తుంది కాబట్టి ఆకాశం దాదాపు నల్లబడి, శిల ఎదుట నిలబడినట్టు వస్తుంది. ఎక్స్‌పోజర్ అయిదు సెకన్లు. మనలా వెంటనే తెరమీద చూసుకునే వీలు లేదు. అయినా ఆ బొమ్మ ముందే మనసులో తయారైపోయింది. మోనోలిత్ అని పేరుపొందిన చిత్రం అదే.

ఆ ఏడే ఆల్బర్ట్ బెండర్ అనే దాత అండతో తొలి చిత్రాల సంపుటం వచ్చింది. అయినా పియానోనా, కెమెరానా అన్నది తేలలేదు. 1930లో న్యూ మెక్సికోలో పాల్ స్ట్రాండ్ నెగెటివ్‌లు చూశాక నిర్ణయం జరిగిపోయింది. సంగీతం వదలొద్దని తల్లి బతిమాలినా ఆగలేదు. 1932లో ఎడ్వర్డ్ వెస్టన్, ఇమోజెన్ కన్నింగ్‌హామ్ ప్రభృతులతో కలిసి ఎఫ్/64 బృందం పెట్టారు. 1937లో యోసమిటీ డార్క్‌రూమ్ అంటుకుని వేల నెగెటివ్‌లు బూడిదైపోయాయి. మోనోలిత్ పలక మాత్రం అంచు కమిలి బయటపడింది.

పరికరాల మీద ఆయనకి మంకుపట్టు లేదు. తర్వాత హాసెల్‌బ్లాడ్ వాడారు, పోలరాయిడ్‌కి సలహాదారుగా ఉన్నారు. 1984 ఏప్రిల్ 22న కన్నుమూసే ముందు, రాబోయే ఎలక్ట్రానిక్ చిత్రాలని కూడా ఆసక్తితో ఆహ్వానించారు. మరుసటి ఏడు సియెరాలో ఒక శిఖరానికి ఆయన పేరు పెట్టారు.

అందుకే మిత్రులకి నేను చెప్పేది ఒకటే. ఏ బొమ్మ కావాలో ముందు తేల్చుకోండి, కెమెరా సంగతి తర్వాత. ఈసారి యోసమిటీ వెళ్ళినప్పుడు ఫోన్‌లో వెయ్యి ఫొటోలకి చోటున్నా, మిగిలినవి రెండే పలకలు అనుకుని కాసేపు ఆ కొండని చూడండి. పిల్లలని కూడా చూడనివ్వండి.