పల్లె ఆస్పత్రికి పటం గీసిన రైల్వే మెంబర్

ఎంబీబీఎస్ చదివిన ఏ డాక్టర్నయినా భోర్ కమిటీ గురించి అడిగి చూడండి. 1946 అని ఠక్కున చెబుతారు. మా పరీక్షల్లో తప్పకుండా వచ్చే ప్రశ్న అది. నేనూ బట్టీపట్టి రాసినవాడినే. ఆ భోర్ ఎవరో మాత్రం చాలా ఏళ్లు పట్టించుకోలేదు. ఎవరో పెద్ద డాక్టరై ఉంటారనుకున్నా. కాదు.

జోసెఫ్ విలియం భోర్ 1878లో నాసిక్‌లో పుట్టారు. పుణెలో, తర్వాత లండన్‌లో చదివి ఐసీఎస్‌కు ఎంపికయ్యారు. ఉద్యోగం మద్రాసు ప్రెసిడెన్సీలో. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో అందులోవే. 1914 నుంచి 1919 దాకా కొచ్చిన్ సంస్థానానికి దివాన్. ఆయన భార్య మార్గరెట్ వైద్యురాలు. 1928లో మద్రాసులో ప్రకాశం పంతులు గారు తుపాకీకి ఎదురుగా గుండె చూపించింది సైమన్ కమిషన్ మీద నిరసనలోనే కదా. ఆ కమిషన్‌కు కార్యదర్శిగా పనిచేసినవారిలో భోర్ ఒకరు! తర్వాత వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో వాణిజ్యం, రైల్వే శాఖలు చూశారు. అంటే పూర్తిగా సర్కారు మనిషి.

1943 అక్టోబరులో, బెంగాల్ కరవులో జనం చనిపోతున్న రోజుల్లో, దేశ ఆరోగ్యం మీద వేసిన కమిటీకి ఆయన్ని అధ్యక్షుణ్ని చేశారు. అప్పటికి ఆయన వయసు 65. అలాంటి అధికారి ఏం రాస్తారు? నాలుగు మెత్తటి మాటలు రాసి సంతకం పెడతారనుకుంటాం. ఆ కమిటీ దేశమంతా తిరిగి నాలుగు సంపుటాల నివేదిక ఇచ్చింది.

అందులోని లెక్కలు చూడండి. వెయ్యి మంది పిల్లలు పుడితే 162 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. సగటు ఆయుష్షు 27 ఏళ్లు. కాన్పుల్లో ఏటా సుమారు 2 లక్షల మంది తల్లులు చనిపోయేవారు. 6,300 మందికి ఒక డాక్టరు, 43,000 మందికి ఒక నర్సు. ఆ ఉన్న డాక్టర్లలోనూ ఎక్కువమంది పట్నాల్లోనే.

డబ్బు లేదన్న కారణంతో ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదన్నది కమిటీ మొదటి సూత్రం. రెండోది, ఆస్పత్రి పల్లెకు వీలైనంత దగ్గరగా ఉండాలి. తొలి పదేళ్లలో 40,000 మందికి ఒక ప్రాథమిక కేంద్రం. అందులో ఇద్దరు డాక్టర్లు, నలుగురు పబ్లిక్ హెల్త్ నర్సులు, నలుగురు మంత్రసానులు. ముప్పై నలభై ఏళ్లకు పది, ఇరవై వేల మందికే 75 పడకల ఆస్పత్రి. దాని పైన 650 పడకలది, జిల్లా కేంద్రంలో 2,500 పడకలది. మెడికల్ విద్యార్థులకు జబ్బు నివారణ, సమాజం మీద మూడు నెలల శిక్షణ కావాలన్నదీ ఈ కమిటీయే. సర్కారు డాక్టర్లు ప్రైవేటు ప్రాక్టీసు చేయకూడదని కూడా చెప్పింది. ఈ ముక్క మా డాక్టర్లు పరీక్షలో రాసినంత ఇష్టంగా బయట గుర్తుచేసుకోరు.

ఆపైన స్వాతంత్ర్యం వచ్చింది. 1952 అక్టోబరు 2న మొదలైన సమాజ వికాస పథకంతో పీహెచ్‌సీలు పుట్టాయి. ఆ పటం అలాగే నిలిచింది గానీ కొలతలు కుదించుకుపోయాయి. బ్లాక్‌కు ఒక్క కేంద్రం, ఒక్క డాక్టరు, ఆరు పడకలు. బ్లాక్ జనాభా చూస్తే లక్షకు అటూఇటూ. ఖజానా ఖాళీగా ఉన్న కొత్త దేశం, నేనేమీ తప్పుపట్టను. కానీ ఖజానా నిండిన తర్వాత కూడా అదే అలవాటైపోయింది. 2017 జాతీయ ఆరోగ్య విధానం ప్రజారోగ్యానికి జీడీపీలో 2.5 శాతం ఖర్చు పెట్టాలంది, 2025 కల్లా. అందులో మూడింట రెండు వంతులు ప్రాథమిక వైద్యానికే పోవాలంది. మీ జిల్లాలో కొత్త భవనానికి రిబ్బన్ కత్తిరించినప్పుడు పేపర్లో ఫొటో వస్తుంది. నర్సు పోస్టు భర్తీ అయితే ఏ ఫొటో రాదు.

ఇప్పుడు లెక్క ప్రకారం మైదాన ప్రాంతంలో 1,20,000 మందికి, ఏజెన్సీలో 80,000 మందికి ఒక సీహెచ్‌సీ ఉండాలి. 30 పడకలు, సర్జన్, ఫిజీషియన్, గైనకాలజిస్టు, పిల్లల డాక్టరు ఉండాలి. దేశం మొత్తం మీద గ్రామీణ సీహెచ్‌సీల్లో స్పెషలిస్టుల కొరత 80 శాతం దాకా ఉంది.

ఆ కొరత ఎలా ఉంటుందో నేను చూశాను. నేను పనిచేసిన ఒక సీహెచ్‌సీకి అర్ధరాత్రి కాన్పు అడ్డం తిరిగిన అమ్మాయిని ఆటోలో తెచ్చారు. గైనకాలజిస్టు ఉన్నారు. ఆపరేషన్ థియేటర్ ఉంది, అందులో ఏసీ కూడా ఉంది. మత్తు డాక్టరు లేరు. 108 పిలిచి పెద్దాస్పత్రికి పంపాం. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. మర్నాడు ఆ అమ్మాయి మామగారు వచ్చి, ఇంత పెద్ద బిల్డింగు ఉంది కదా డాక్టర్ బాబూ, మరి ఎందుకు పంపించారు అని అడిగారు. జవాబు చెప్పలేకపోయాను.

భోర్ 1960లో గర్న్‌సీ దీవిలో కన్నుమూశారు. అప్పటికి మన దగ్గర మరో కమిటీ పనిచేస్తోంది. దాని అధ్యక్షులు డాక్టర్ ఆర్కాట్ లక్ష్మణస్వామి మొదలియార్, మద్రాసు యూనివర్సిటీ వైస్ చాన్స్‌లర్. భోర్ కమిటీలో ఆయనా సభ్యులే. పెట్టిన పీహెచ్‌సీలలో మనుషుల్లేరు, సామాన్లు లేవు, కొత్తవి తెరిచేముందు వీటిని సరిచేయండని ఆ కమిటీ రాసింది. అది 1961.