జంట తప్పిన పిస్తోలు

చిత్తూరు సమీపమున నరసింగరాయనిపేట దండులో 1782 డిసెంబరు 7వ తేదీన హైదరాలీ కన్నుమూసెను. కుమారుడు టిప్పు అప్పుడు మలబారు యుద్ధరంగమున నుండెను. ప్రభువు మరణమును సైన్యమునకు తెలియనీయక, మంత్రులు ఆయనకు కబురంపిరి. టిప్పు తల్లి ఫఖ్రున్నీసా కడప పాలకుని కుమార్తె. ఆ విధముగా ఈ మైసూరు సుల్తాను పుట్టుకకును, పట్టమునకును మన సీమతో సంబంధము కలదు.

1784లో మంగుళూరు సంధితో ఆంగ్లేయులతో యుద్ధము ముగిసిన పిమ్మట టిప్పు కర్మాగారములపై దృష్టి నిలిపెను. ఫ్రెంచివారి సాయముతో స్వదేశపు పనివారు తుపాకులు, పిస్తోళ్ళు చేసిరి. వానిపై పులిచారలు తీర్చి, సుల్తాను నెలకొల్పిన మౌలూదీ శకపు సంవత్సరమును చెక్కిరి. జంట పిస్తోళ్ళు కొన్నింట ఒక వింత కానవచ్చును. ఒకదానికి చెకుముకిరాతి మీట కుడివైపున, రెండవదానికి ఎడమవైపున అమర్చిరి. రెంటిని ప్రక్కప్రక్కన నుంచిన అద్దమునందలి ప్రతిబింబమువలె నుండును.

1792లో ఓటమి వాటిల్లగా టిప్పు సగము రాజ్యమును వదలుకొని, ఇద్దరు కుమారులను జామీనుగా పంపెను. 1799 మే 4న శ్రీరంగపట్టణపు కోటలో పోరాడుచు మరణించెను. విజేతలు ఆయన సొత్తును పంచుకొనిరి. ఆయుధములు సముద్రములు దాటెను.

ఇట్టి చెదరుటలో జంటలు విడిపోవుట సహజము. మీట ఎడమవైపునున్న పిస్తోలు ఒంటిగా దొరకినచో, దానికొక తోడు ఉండెడిదేమోయని ఎరిగినవాడు శంకించును. ఒక తుపాకి మీటను మరియొకదానికి బిగించి వాడుకొనుటయు ఆనాటి యుద్ధములలో పరిపాటియే. మందు మండి గుంటలుపడిన లోహము, చేతిరాపిడికి నునుపెక్కిన పిడి, సరిపడని మరలు, ఇవన్నియు వాడకమునకు సాక్ష్యములు. కానుకగా వచ్చి పెట్టెలో దాగిన ఆయుధమునకు ఈ గుర్తులుండవు. అందువలననే అరిగిన పిస్తోలును మెరుగుపెట్టుటకు తెలిసిన సేకర్త అంగీకరింపడు. తుడిచివేసిన చరిత్ర తిరిగి రాదు.

2023లో టిప్పు ఖడ్గమొకటి లండను వేలములో కోటి నలుబది లక్షల పౌన్లు పలికినది. అంతకు ఐదేండ్ల ముందు, 2018లో, శివమొగ్గ జిల్లా నగర కోటలోని పాడుబావిలో ఆనాటి ఇనుప రాకెట్లు వేయికి పైగా తుప్పుపట్టి దొరకినవి. 1971 నుండి రాకెట్లు ఎగయుచున్న శ్రీహరికోట బాలురకు ఆ ఖడ్గమును కొనుట సాధ్యము కాదు. ఆ తుప్పును చదువుట మాత్రము సాధ్యమే.