పదహారేళ్ల ప్రాయంలో తొలి బాణీలు



ఫిల్మ్‌నగర్‌ మీదుగా పిల్లల్ని బడికి తెచ్చేటప్పుడు కారులో ఓసారి ‘మల్లీశ్వరి’ పాటలు పెట్టండి. వాటికి బాణీలు కట్టిన సాలూరి రాజేశ్వరరావు గారు 1922లో సాలూరు దగ్గర శివరామపురంలో పుట్టారు. తండ్రి సన్యాసిరాజు గారు మృదంగ విద్వాంసులు.

1935లో ‘శ్రీకృష్ణ లీలలు’లో బాలకృష్ణుడిగా నటించి, పాడి పేరు తెచ్చుకున్నారు. అక్కడితో ఆగిపోలేదు. కలకత్తాలో హిందుస్తానీ సంగీతం నేర్చారు. 1938లో తమిళ చిత్రం ‘విష్ణులీల’కు తొలిసారి సంగీతం సమకూర్చేనాటికి ఆయన వయసు పదహారుకు అటూఇటూ. అంటే మన టెన్త్‌, ఇంటర్‌ పిల్లల ఈడే! ‘మల్లీశ్వరి’ వచ్చింది 1951లో, మరో 13 ఏళ్ల సాధన తర్వాత.

మీ పాప కీబోర్డు మీద సొంతంగా చిన్న బాణీ కట్టి వినిపిస్తే, ముందు మార్కుల సంగతి అడగకండి. చివరిదాకా విని, మళ్లీ ఒకసారి వాయించమనండి.