సైకిలు చక్రంలో గాలి నింపిన పశువుల డాక్టరు

డన్‌లప్ అంటే చెన్నైలో మనందరికీ టైరే గుర్తొస్తుంది. అంబత్తూరులో ఆ పేరుతో పెద్ద టైర్ల ఫ్యాక్టరీ ఉండేదని మా నాన్న చెప్తుంటారు. కానీ అది ఒక మనిషి పేరనీ, ఆయన వృత్తి పశువైద్యమనీ నాకు ఈ మధ్యే తెలిసింది. మన గోడపత్రికలో కవుల జీవితాలు చాలా వచ్చాయి కదా, ఈసారి సైకిలు చక్రంలో గాలి నింపినాయన జీవితం కూడా చదవండి.

జాన్ బాయిడ్ డన్‌లప్ 1840 ఫిబ్రవరి 5న స్కాట్లండులోని డ్రెగ్‌హార్న్ అనే ఊళ్ళో పుట్టారు. వాళ్ళది వ్యవసాయ కుటుంబం. పిల్లవాడు బలహీనంగా ఉన్నాడని ఇంట్లోవాళ్ళు భయపడి, పొలం పనిలో కాకుండా చదువులో పెట్టారు. ఎడిన్‌బరోలో పశువైద్యం చదివి, 1867లో ఐర్లండు వెళ్ళి, తర్వాత బెల్‌ఫాస్ట్‌లో స్థిరపడ్డారు. అక్కడ ఆయన వైద్యశాల బాగా నడిచింది. నలభై ఏడేళ్ళు వచ్చేదాకా ఆయనకూ సైకిళ్ళకూ ఏ సంబంధమూ లేదు.

ఆయన కొడుకు జానీకి మూడు చక్రాల సైకిలు ఒకటి ఉండేది. అప్పట్లో చక్రాలకి గట్టి రబ్బరు పట్టీ మాత్రమే వేసేవాళ్ళు. రాళ్ళు పరిచిన వీధుల్లో తొక్కితే ఒళ్ళు హూనమయ్యేది. కొడుకు బాధ చూసి, 1887లో డన్‌లప్ ఒక గుండ్రటి చెక్క తీసుకున్నారు. పల్చటి రబ్బరు షీటుతో గొట్టంలాగా చేసి దాని చుట్టూ పెట్టారు. పైన నారబట్ట చుట్టి మేకులు కొట్టి, ఫుట్‌బాల్ పంపుతో గాలి నింపారు. తర్వాత పెరట్లో సైకిలు చక్రాన్నీ, ఈ గాలి చక్రాన్నీ ఒకదాని తర్వాత ఒకటి దొర్లించారు. మామూలు చక్రం పెరడు దాటకుండానే పడిపోయింది. గాలి చక్రం చివరిదాకా వెళ్ళి గుద్దుకుని వెనక్కి తుళ్ళింది. కుదుపు తగ్గించాలని మొదలుపెట్టిన పని వేగం కూడా తెచ్చిపెట్టింది.

1888లో పేటెంటు వచ్చింది. 1889 మే 18న బెల్‌ఫాస్ట్ క్వీన్స్ కాలేజీ పోటీల్లో విల్లీ హ్యూమ్ అనే ఆటగాడు గాలి టైర్లతో దిగాడు. లావుపాటి ఆ టైర్లని చూసి జనం నవ్వారు. అతను పాల్గొన్న నాలుగు పందేలూ గెలిచాడు! ఆ తర్వాత డబ్లిన్ వ్యాపారి హార్వే డు క్రో ముందుకొచ్చి కంపెనీ పెట్టారు.

అంతలోనే దెబ్బ తగిలింది. రాబర్ట్ విలియం థామ్సన్ అనే ఇంకో స్కాట్లండు మనిషి 1845లోనే గాలి చక్రానికి పేటెంటు తీసుకున్నాడని బయటపడింది. ఆయన దాన్ని గుర్రపు బళ్ళకి వేసి చూపించాడు కూడా. అప్పటికి సైకిళ్ళు ఇంకా రాలేదు కాబట్టి అందరూ మర్చిపోయారు. డన్‌లప్‌కి ఆ సంగతి తెలీదు. అయినా చట్టం ప్రకారం ఆయన పేటెంటు చెల్లకుండా పోయింది. టైరుని విప్పి ట్యూబు బయటికి తీసే పద్ధతుల మీద వేరేవాళ్ళకున్న హక్కులు కొనుక్కుని కంపెనీ నిలబడింది. డన్‌లప్ మాత్రం కొన్నేళ్ళకే అందులోంచి తప్పుకున్నారు. 1896లో ఆ కంపెనీ ముప్ఫై లక్షల పౌండ్లకి అమ్ముడుపోయింది. టైరు మీద పేరున్న మనిషికి మాత్రం అందులో పెద్దగా ఏమీ దక్కలేదు. 1921 అక్టోబరు 23న డబ్లిన్‌లో కన్నుమూశారు.

నాకు ఇక్కడే మనసు చివుక్కుమంది. అయితే థామ్సన్ వైపు నుంచి చూస్తే ఆయనకి ఆ పేరు కూడా దక్కలేదు కదా!

ఇప్పుడు మన సంగతికి వస్తాను. మన క్లాసు అమ్మాయి ఒకతె సైకిల్ పోటీకి తయారవుతోంది. లేటెక్స్ ట్యూబు మంచిదా, మామూలుదా అని అందరినీ అడుగుతోంది. మా ఇంట్లో అమ్మ తమిళం, నాన్న తెలుగు. గాలిని ఒకరు కాత్తు అంటే ఇంకొకరు గాలి అంటారు గానీ, ట్యూబు, పంచరు మాత్రం ఇద్దరికీ ఒకటే. సలహాలో మాత్రం ఇద్దరూ కలవలేదు. అమ్మ తేలికైనది కొనమంది, నాన్న గాలి నిలిచేది కొనమన్నారు.

ఇద్దరి మాటా నిజమే. డన్‌లప్ వాడిన రబ్బరు చెట్టుపాల నుంచి వచ్చిందే, అప్పుడు వేరే రబ్బరు లేదు. లేటెక్స్ ట్యూబు కూడా చెట్టుపాలదే. పల్చగా, బాగా సాగుతూ ఉంటుంది. రోడ్డు గరుకుకి తగ్గట్టు వంగుతుంది కాబట్టి తొక్కే బలం తక్కువ వృథా అవుతుంది. కానీ ఒక్క రోజులోనే గాలి బాగా దిగిపోతుంది. ధర ఎక్కువ, నూనె తగిలితే పాడవుతుంది. మామూలు ట్యూబు బ్యూటైల్ రబ్బరుది. అది పెట్రోలియం నుంచి తీసేది, 1937లో అమెరికాలో పుట్టింది. కాస్త బరువు, కాస్త బిగువు. కానీ రోజూ పంపు పట్టుకోనక్కర్లేదు, గాలి చాలా రోజులు నిలుస్తుంది.

పొద్దున్నే కాలేజీకి పరుగెత్తే నాలాంటివాళ్ళకి మామూలు ట్యూబే సరి. పందెం రోజు, బయల్దేరే ముందు గాలి కొట్టుకునే ఓపిక ఉంటే, లేటెక్స్ వేసుకోవచ్చు. పందేనికి వారం ముందే వేయించుకుని, అదే రోడ్డు మీద రెండూ తొక్కి చూడమని ఆ అమ్మాయికి చెప్పాను. డన్‌లప్ గారు పెరట్లో చేసింది కూడా అంతే.