వేలంపాటకు పోని రాళ్లు: గులామ్ యజ్దానీ జీవితం



నాంపల్లి స్టేషన్‌లో దిగి కాస్త దూరం నడిస్తే పబ్లిక్ గార్డెన్స్ వస్తుంది. ఆ తోటలోనే రాష్ట్ర పురావస్తు మ్యూజియం ఉంది. కాచిగూడ, ఆబిడ్స్, నాంపల్లి చుట్టుపక్కల ఉండే మనం ఆ గేటు ముందు నుంచి ఎన్నిసార్లు పోయి ఉంటామో లెక్కలేదు. లోపల ఈజిప్టు మమ్మీ ఉందని బడి పిల్లలకు కూడా తెలుసు. కానీ ఫణిగిరి లాంటి చోట్ల, మన నేలలోనే బయటపడ్డ బౌద్ధ శిల్పాలు కూడా ఆ మ్యూజియం సంరక్షణలోకే వచ్చాయని మనలో ఎంతమందికి తెలుసు? అలాంటివి ఎవరి ఇంటి అలంకారానికో, ఏ విదేశీ వేలంపాటకో పోకుండా నిలవడానికి ఈ నగరంలో మొదట దారి వేసినవారు గులామ్ యజ్దానీ గారు.

ఆయన బౌద్ధుడు కాదు, ముస్లిం. అరబ్బీ, పారశీకం చదువుకున్న పండితుడు. అయినా అజంతా గోడల మీద బుద్ధ భగవానుడి బొమ్మను కాపాడే పనిలో తన జీవితంలో పెద్ద భాగం గడిపారు. మన ధమ్మ చరిత్ర చెప్పుకునేటప్పుడు ఆయన పేరు కూడా చెప్పుకోవాలి.

యజ్దానీ గారు 1885లో ఢిల్లీలో పుట్టారు. 1914లో నిజాం ప్రభుత్వం హైదరాబాద్ రాజ్యానికి పురావస్తు శాఖ పెట్టినప్పుడు ఆయన్నే దానికి అధిపతిని చేసింది. అప్పటికి ఆయన వయసు ముప్పై కూడా నిండలేదు. మన కాచిగూడ స్టేషన్ కట్టింది 1916లో. అంటే అది లేవక ముందే ఆయన ఈ ఊళ్లో పని మొదలుపెట్టారన్నమాట. 1943 వరకు, దాదాపు ముప్పై ఏళ్లు, ఆ బాధ్యత మోశారు. ఆ రోజుల్లో హైదరాబాద్ రాజ్యమంటే తెలంగాణ ఒక్కటే కాదు. అజంతా, ఎల్లోరా ఉన్న మరాఠ్వాడా, రాయచూరు, కొప్పళ ఉన్న కన్నడ ప్రాంతం కూడా అందులోవే. అంత నేలలో ఏ గుట్ట మీద ఏముందో రాసిపెట్టే పని ఆయన మీద పడింది.

ఆయన రాకముందు పరిస్థితి ఎట్లా ఉండేదో చూడండి. అమరావతి మహాస్తూపాన్ని 1797లో కాలిన్ మెకంజీ చూసేనాటికే అక్కడి రాళ్లను కొత్త కట్టడాలకు తరలిస్తున్నారు. ఆ తర్వాత శిల్పాలు చెక్కిన పలకలను సున్నం కోసం కాల్చేశారు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు మీదుగా లండన్ చేరాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి శిల్పాలు వందకు పైగా ఉన్నాయి. అజంతాలోనూ ఇదే కథ. 1819లో ఇంగ్లీషు సైనికాధికారుల కంటపడినప్పటి నుంచి, చూడటానికి వచ్చినవాళ్లు గోడ మీది బొమ్మల ముక్కలు ఊడదీసి పట్టుకుపోయారు. అలా పోయిన ఒక చిత్రపు ముక్క చివరికి వేలంపాట మీదుగా అమెరికాలోని బోస్టన్ మ్యూజియానికి చేరింది. గోడ ఇక్కడ, ముఖం అక్కడ.

రాతి పనిముట్ల సంగతి వేరు. వేల ఏళ్ల కిందటి మనుషులు చెక్కిన గొడ్డళ్లు మన పొలాల్లో, వాగుల ఒడ్డున దొరుకుతూనే ఉంటాయి. ఊళ్లలో వాటిని పిడుగురాళ్లు అనుకుని చెట్టు కింద పెట్టి మొక్కినవాళ్లూ ఉన్నారు. అవి మనిషి చేతిపని అని మన దేశంలో గట్టిగా చెప్పినవారు రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త. 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో ఆయనకు మొదటి రాతి గొడ్డలి దొరికింది. తర్వాత నలభై ఏళ్లు కర్నూలు గుహల నుంచి రాయచూరు వైపు దాకా తిరిగి వేల వస్తువులు పోగుచేశారు. ఆయన కూడా తన సేకరణను అమ్మారు. కానీ అమ్మిన తీరు గమనించండి. ముక్కలు ముక్కలుగా వేలం వేయలేదు. 1904లో మొత్తం సేకరణ మద్రాసు ప్రభుత్వ మ్యూజియానికి పోయింది. ఏ రాయి ఏ ఊళ్లో దొరికిందో చెప్పే జాబితా ఆయన చనిపోయాక పుస్తకంగా అచ్చయింది. అందుకే అవి ఇవాళ్టికీ మాట్లాడుతున్నాయి.

మాట్లాడటం అని ఎందుకంటున్నాను? నేల పొరలు పొరలుగా ఉంటుంది. కింది పొర పాతది, పై పొర కొత్తది. ఒక నాణెం ఏ పొరలో, ఏ కుండపెంకు పక్కన, ఏ గోడ అడుగున దొరికిందో తెలిస్తే దాని కాలం తెలుస్తుంది, వాడిన మనిషి తెలుస్తాడు. అదే నాణేన్ని ఎవరో పెకిలించి జేబులో వేసుకుని బజారుకు తెచ్చారనుకోండి, ధర మిగులుతుంది గానీ చరిత్ర మిగలదు. వేలంపాటలో పాడేది వస్తువు అందం మీద, అరుదు మీద. అది ఏ ఊరి మాలల వాడ పక్కన, ఏ కుమ్మరి దిబ్బ మీద దొరికిందో అక్కడ ఎవరూ అడగరు.

యజ్దానీ గారి శాఖ అచ్చేసిన పుస్తకాల వరసలో మొట్టమొదటిది దేని గురించో తెలుసా? అశోకుడి మస్కి శాసనం గురించి. 1915లో రాయచూరు ప్రాంతంలోని మస్కి దగ్గర బంగారు గనుల ఇంజనీరు బీడన్‌కు ఒక రాతి మీద అక్షరాలు కనిపించాయి. హెచ్. కృష్ణశాస్త్రి దాన్ని చదివారు. అప్పటివరకు తెలిసిన శాసనాల్లో దేవానాంపియ, పియదసి అన్న బిరుదులే ఉండేవి. మస్కి రాతి మీద అశోక అన్న పేరు ఉంది. ధమ్మరాజు పేరును ఆయన సొంత శాసనమే చెప్పింది. 1931లో కొప్పళ దగ్గర గవిమఠం, పాల్కిగుండు గుట్టల మీద మరో రెండు అశోక శాసనాలు బయటపడితే, వాటినీ అదే వరసలో 1932లో అచ్చేశారు. ఆ రాతిని ఎవరైనా కోసి అమ్ముకుని ఉంటే? అక్షరాలు ఉండేవేమో, అశోకుడి ధమ్మం ఈ దక్కన్ దాకా వచ్చిందన్న సాక్ష్యం మాత్రం పోయేది.

ఇక అజంతా. గోడల మీద రంగులు పెచ్చులుగా ఊడిపోతున్నాయి. నిజాం ప్రభుత్వంలో పెద్ద అధికారి అయిన అక్బర్ హైదరీ అండగా నిలిచారు. 1920 నుంచి 1922 మధ్య ఇటలీ నుంచి చెక్కోని, ఓర్సీని అనే ఇద్దరు నిపుణులను రప్పించి ఊడిపోతున్న పెచ్చులను గోడకు నిలబెట్టే పని చేయించారు. వాళ్లు పూసిన లక్క పూత తర్వాతి కాలంలో రంగు మారి బొమ్మలను మసకబార్చింది, అదీ నిజమే. కానీ ఆ రోజు చెయ్యి వేయకపోతే రాలిపోయేవి ఎన్నో ఉన్నాయి. ఆ తర్వాత యజ్దానీ గారు గుహ గుహకూ, బొమ్మ బొమ్మకూ వివరం రాసి, రంగుల ఫొటోలతో నాలుగు భాగాల గ్రంథం తెచ్చారు. మొదటి భాగం 1930లో, రెండోది 1933లో, మూడోది 1946లో, చివరిది 1955లో వచ్చాయి. ఉద్యోగం నుంచి దిగిన పన్నెండేళ్లకు కూడా ఆ పని వదల్లేదు. ఆ ఏడాది తర్వాతే, 1956 అక్టోబర్ 14న, నాగపూర్‌లో బాబాసాహెబ్ లక్షల మందితో ధమ్మదీక్ష తీసుకున్నారు.

మనకు ఇంకా దగ్గరిది కొండాపూర్. హైటెక్ సిటీ పక్కన ఉన్నది కాదు, సంగారెడ్డి దగ్గరి కొండాపూర్. అక్కడొక పెద్ద పాటిదిబ్బ ఉంది. పాటిమన్ను చేనుకు మంచి ఎరువని ఊళ్లలో బండ్లకెత్తి తోలుకోవడం మనకు తెలిసిందే. అలా ఎన్ని దిబ్బలు ఆనవాలు లేకుండా పోయాయో! 1940 తర్వాత యజ్దానీ గారి ఆధ్వర్యంలో ఈ దిబ్బను తవ్వితే శాతవాహనుల కాలపు పట్నం బయటపడింది. స్తూపం, చైత్యాలు వచ్చాయి. వాటితో పాటు పెద్ద సంఖ్యలో నాణేలు, పూసలు, తెల్లమట్టి బొమ్మలు, ఇనుప పనిముట్లు దొరికాయి. రాజుల శాసనాల్లో రాజులే ఉంటారు. కొలిమి దగ్గర కూర్చున్నవాడు, పూసకు బెజ్జం వేసినామె, మట్టి తొక్కినవాడు ఇలాంటి దిబ్బల్లోనే కనిపిస్తారు. వాళ్ల ఊరి మధ్యన బుద్ధుడి స్తూపం ఉంది. మనం చెప్పుకోవాల్సిన సంగతి ఇదే.

అంటరానివాళ్లు ఎవరన్న ప్రశ్న మీద 1948లో బాబాసాహెబ్ ఒక పుస్తకం తెచ్చారు. ఒకప్పటి బౌద్ధులే వెలివేతకు గురయ్యారని అందులో వాదించారు. రాసిన చరిత్ర మన చేతుల్లో లేదు, రాసే హక్కు కూడా మన పూర్వీకులకు ఇవ్వలేదు. మనకు మిగిలింది నేల కింది సాక్ష్యం. అది ముక్కలై అమ్ముడుపోతే నష్టం ముందు మనదే.

ఇది పాత ముచ్చట మాత్రమే అనుకోవద్దు. 1898లో ఉత్తరప్రదేశ్‌లోని పిప్రహ్వా స్తూపాన్ని విలియం పెప్పే అనే ఎస్టేట్ యజమాని తవ్వించాడు. బుద్ధ భగవానుడివని చెప్పే అస్థి ధాతువులు, వాటితో సమర్పించిన రత్నాలు బయటపడ్డాయి. ధాతువులను సయాం రాజుకు ఇచ్చారు. రత్నాల్లో ఎక్కువ భాగం కలకత్తా మ్యూజియానికి పోయింది, కొంత భాగం పెప్పే కుటుంబానికి మిగిలింది. ఆ భాగాన్ని 2025 మే 7న హాంకాంగ్‌లో సోథెబీస్ సంస్థ వేలానికి పెట్టింది. భారత ప్రభుత్వం నోటీసు ఇచ్చింది, ప్రపంచమంతా బౌద్ధులు అభ్యంతరం చెప్పారు. వేలం ఆగింది. ఒక భారతీయ వ్యాపార సంస్థ ముందుకొచ్చాక జూలైలో అవి మన దేశానికి తిరిగొచ్చాయి. సంతోషమే. కానీ దానంగా స్తూపంలో పెట్టినవి డబ్బు లేకుండా తిరిగిరాలేదన్న మాట మనసులో గుచ్చుకుంటుంది.

భగవానుడి మహాపరినిర్వాణం తర్వాత ధాతువుల కోసం రాజులు యుద్ధానికి సిద్ధమైతే, ద్రోణుడు ఎనిమిది భాగాలు చేసి అందరికీ పంచాడని మన సంప్రదాయం చెబుతుంది. పంచారే గానీ పాట పెట్టలేదు. పంచశీలలో రెండోది, ఇవ్వనిదాన్ని తీసుకోకపోవడం. చచ్చిపోయినవాళ్లు దానం చేసిన వస్తువును మనకు ఎవరూ ఇవ్వలేదు. కాబట్టి అమ్మే హక్కూ మనది కాదు. సమ్యక్ ఆజీవం గురించి చెప్పుకునేటప్పుడు ఈ వ్యాపారాన్ని కూడా గుర్తుపెట్టుకోవాలి.

మరి మనం చేయగలిగిందేంటి? ఊళ్లో ఇంటి పునాది తవ్వుతుంటేనో, చేను దున్నుతుంటేనో నాణేలు, బొమ్మలు, చెక్కిన రాళ్లు బయటపడితే అక్కడే ఆపండి. కడగొద్దు, రుద్దొద్దు, పంచుకోవద్దు. దొరికిన చోటును ఫొటో తీసి తహసీల్దారుకు గానీ పురావస్తు శాఖకు గానీ చెప్పండి. భూమిలో దొరికిన నిధి సంగతి కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టమే చెబుతోంది. వందేళ్లు దాటిన శిల్పాలు, నాణేల లాంటివాటిని పురావస్తువులంటారు. లైసెన్సు లేకుండా వాటితో వ్యాపారం చేయడం, సొంతంగా దేశం దాటించడం నేరమని 1972 చట్టం చెబుతోంది. మధ్యవర్తి చేతిలో పెట్టే పదివేలకు ఆశపడితే, మన పిల్లలు తమ చరిత్రను చూడటానికి విమానం ఎక్కాల్సి వస్తుంది.

యజ్దానీ గారికి 1959లో పద్మభూషణ్ వచ్చింది. 1960లో దక్కన్ తొలినాళ్ల చరిత్రను రెండు సంపుటాలుగా, సంపాదకులుగా ఉండి వెలువరించారు. 1962లో కన్నుమూశారు. ఓరుగల్లు వైపు రామప్ప గుడి మీద, బీదర్ కోట మీద, ఆదిమ మానవుల రాతి సమాధుల మీద కూడా ఆయన రాశారు. గుడి, మసీదు, స్తూపం అని వేరు చేసి చూడలేదు. ఏది ఎక్కడ దొరికిందో అక్కడి జనానిదే అన్నట్టు పని చేశారు.

ఈసారి ఔరంగాబాద్ వైపు రైలెక్కి అజంతాకు పోయినప్పుడు ఆయన్ని ఒకసారి తలుచుకోండి. అంత దూరం కుదరకపోతే, ఒక ఆదివారం పిల్లలను తీసుకుని పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియానికి పోయి, మమ్మీ దగ్గరే ఆగకుండా బౌద్ధ శిల్పాల దాకా నడవండి. అది మన ఇల్లే.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.